శబరిమల తీర్పు, మా ఇంట్లో మాల

కార్తీకంలో మావారు మాల వేస్తారు. 41 రోజుల దీక్ష ఆయనది. తెల్లవారుజామున నాలుగింటికి లేచేది మాత్రం ఇద్దరం. నేను తలస్నానం చేసి, పీఠం దగ్గర తుడిచి ముగ్గేసి, దీపానికి అన్నీ సర్దుతాను. మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం, ఉల్లి వెల్లుల్లి లేకుండా. ఆయన్ని 'స్వామీ' అనే పిలుస్తాను. నెలలో ఆ నాలుగు రోజులూ నేను పుట్టింటికి వెళ్తాను, లేదా ఆయన గురుస్వామి గారి సన్నిధానంలో ఉంటారు. కష్టమని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. అయ్యప్పను నేను మనసారా నమ్ముతాను.

2018 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు, 10 నుంచి 50 ఏళ్ల ఆడవాళ్లను శబరిమల గుడిలోకి రానివ్వకుండా ఆపడం రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. బెంచిలో ఉన్న ఒకే ఒక్క మహిళ, జస్టిస్ ఇందు మల్హోత్రా, ఒప్పుకోలేదు. మత విశ్వాసంలో హేతువు వెతకడం కోర్టు పని కాదన్నారు. ఆ మాటను నేను తీసిపారేయలేను. ప్రతి గుడి ఆచారాన్నీ తర్కానికి నిలబెడితే ఏం మిగులుతుందన్న భయం నాకూ ఉంది.

కానీ స్వామి బ్రహ్మచారి కాబట్టి ఈ నిషేధం 'అనాదిగా ఉంది' అంటేనే ఒప్పుకోలేను. ఈ వయసు ఆడవాళ్లను రానివ్వొద్దని 1991లో కేరళ హైకోర్టు చెప్పింది. ఆ కేసు ఎలా మొదలైందంటే, గుడిని నడిపే దేవస్వం బోర్డు మాజీ కమిషనర్ కూతురి బిడ్డకు శబరిమలలో అన్నప్రాశన జరిగింది, ఆ ఫోటో పేపర్లో పడింది. నెలపూజల రోజుల్లో అన్నప్రాశనలకు ఆడవాళ్లు వచ్చేవారనీ, బోర్డు రసీదులు కూడా ఇచ్చేదనీ ఆ తీర్పులోనే ఉంది. రసీదు రాసి ఇచ్చిన రోజుల్లో స్వామి బ్రహ్మచర్యానికి రాని భంగం తర్వాత ఎందుకొచ్చింది?

గుడిలోకి రానివ్వమని భక్తురాళ్లెవరూ అడగలేదు అంటారు. తీర్పు తర్వాత గుడి తలుపులు తెరిచిన తొలిరోజు, 2018 అక్టోబర్ 17న, మన తూర్పు గోదావరి నుంచి కుటుంబంతో వెళ్లిన ఒకావిడ పంబ దాటి కొండెక్కబోతే, జనం అడ్డుపడి వెనక్కి పంపేశారు. పిల్లల్ని తీసుకుని దర్శనానికి వెళ్లినావిడ భక్తురాలు కాకపోతే మరెవరు?

41 రోజుల నిష్ఠ ఆడవాళ్ల వల్ల కాదన్నది ఇంకో వాదన. ఈ రోజుల్లో 11 రోజులకే ఇరుముడి కట్టుకుని బయల్దేరే మగవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లను పదునెట్టాంబడి, అంటే సన్నిధిలోని పద్దెనిమిది మెట్ల దగ్గర ఎవరూ ఆపరు. ఆ నాలుగు రోజులూ వదిలేసి, ఎన్ని రోజులు పట్టినా 41 పూర్తి చేయమంటే నేను చేస్తాను.

మా అమ్మాయి ఎనిమిదేళ్లప్పుడు మాల వేసుకుని నాన్నతో కొండకెళ్లింది. ఇప్పుడు పన్నెండు. మొన్న ఇరుముడి కడుతుంటే నెయ్యి కొబ్బరికాయ చేత్తో పట్టుకుని, "నాకూ కట్టండి గురుస్వామీ" అంది. "యాభై దాటాక తల్లీ" అన్నారాయన, చాలా ప్రేమగానే.

2019 నవంబర్‌లో రివ్యూ పిటిషన్లు విన్న కోర్టు పెద్ద ప్రశ్నలను విస్తృత ధర్మాసనానికి పంపింది. తీర్పు మీద స్టే ఇవ్వలేదు, అయినా కొండ మీద పాత పద్ధతే నడుస్తోంది. ఇదంతా మావారితో అంటే, మాలలో ఉండగా కోర్టు గొడవలు వద్దన్నారు. మాల తీశాక మళ్లీ అడుగుతాను.