బుడ్డలొలిచే పాటలో నాదెంత, ఊరిదెంత

పాట విడుదలైన పదకొండో రోజు పొద్దున్నే యూట్యూబ్ నుంచి మెయిల్ వచ్చింది. నా పాట బాణీ ఫలానా కంపెనీదట. వీడియో తీసెయ్యరు గానీ, దాని మీద వచ్చే డబ్బు మాత్రం వాళ్ళకు పోతుంది. అప్పటికి వచ్చింది టీ ఖర్చులకు కూడా చాలదు, డబ్బు గురించి కాదు నా బాధ. ఆ బాణీ మా అవ్వ నోట విన్నది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

నేను అనంతపురంలో ఒక ఎరువుల అంగట్లో లెక్కలు రాస్తాను. అంగడి మూశాక గిటార్ పట్టుకుంటాను. సొంతంగా రాసుకుని, మా పక్క పల్లెపాటల నడకలో పాడతాను. కంపెనీ అండ లేకుండా ఎవరికి వాళ్ళు ఇట్లా పాటలు చేసుకోవడాన్ని ఇండీ ఫోక్ అంటున్నారు.

మా ఊరు కళ్యాణదుర్గం దగ్గర. మే నెల చివర్లో, వానలకు ముందు, అక్కడ విత్తనానికి బుడ్డలు ఒలుస్తారు. వేరుశనక్కాయల్నే మేము బుడ్డలంటాం. మిషన్‌కు వేస్తే గింజ పగులుతుంది, పైపొట్టు లేస్తుంది, మొలక సరిగ్గా రాదు. అందుకే చేత్తో ఒలిచేది. ఆడవాళ్ళు వసారాలో గుండ్రంగా కూర్చుంటారు. కాయ ముక్కును బండకేసి ఒక దెబ్బ, బొటనవేలితో ఒక నొక్కు, గింజలు చేటలోకి. దెబ్బ, నొక్కు, గలగల. పాటకు తాళం అదే. వేళ్ళు మండేకొద్దీ పాట నిదానిస్తుంది, ఎవరో ఒకరు ఇంకో చరణం ఎత్తుకుంటే మళ్ళీ ఊపందుకుంటుంది. ఏడేళ్ళ కిందట అట్లాంటి ఒక మధ్యాహ్నం అవ్వ పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఆమె గొంతు నా దగ్గర ఉండాలని తప్ప ఇంకో ఆలోచన లేదు.

అవ్వ పాటలో పుట్టింటికి పోలేని ఆడకూతురి బాధ ఉంది. నేను ఆ బాణీ తీసుకుని, మాటలు నావి రాసుకున్నాను. అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప, అదీ కావాల్సిన వారంలో పడదు. దాని మీద రాశాను.

గింజగింజకు వాన పేరు రాసిపెడితిమే అవ్వా
వాన మాత్రం మనూరి దారి మరిసిపోయెనే అవ్వా

ఈ రెండు పాదాలు కుదరడానికే రెండు నెలలు పట్టింది.

పాట ఊళ్ళో నాలుగు చోట్ల పాడాక ఒక ఆడియో కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. 15 వేలు ఇస్తాం, సంతకం పెట్టు అన్నాడు. కాగితం తీసుకుపోయి మాకు తెలిసిన లాయరన్నకు చూపించాను. ఆయన ఒక లైను మీద వేలు పెట్టి, "రాయల్టీలన్నీ కంపెనీవే అని రాసినారే, ఇది చెల్లదప్పా" అన్నాడు. కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో సవరించినప్పుడు పాట రాసినవాళ్ళకు, బాణీ కట్టినవాళ్ళకు రాయల్టీలో కంపెనీతో సమాన వాటా ఉండేట్టు చేశారు. దాన్ని వదులుకుంటామని మనం రాసిచ్చినా ఆ రాత నిలబడదు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఒప్పందంలో గడువు రాయకపోతే 5 ఏళ్ళకే చెల్లుతుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకే. మా పక్క జానపదం పాడేవాళ్ళు ఎంతమంది ఇది తెలియక చేతికి వచ్చిన దానికి సంతకాలు పెట్టి ఉంటారో అనుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. నేను పెట్టలేదు. సొంతంగానే చేద్దామనుకున్నాను.

రికార్డింగ్ సప్తగిరి సర్కిల్ వెనకాల ఒక మిత్రుడి గదిలో. కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపేసి, చెమట కారుతుంటే పాడాను. మొదటి రోజంతా వృథా పోయింది. చెవిలో క్లిక్, అంటే తాళం తప్పకుండా టక్ టక్‌మని కొట్టే మిషన్ చప్పుడు, పెట్టుకుని పాడితే ప్రతి మాటా తాళానికి సరిగ్గా పడుతోంది, పాటలో మాత్రం ప్రాణం లేదు. అవ్వ పాట వేళ్ళ నొప్పిని బట్టి నడిచేది, క్లిక్‌కు నొప్పి ఎక్కడిది? రెండో రోజు క్లిక్ తీసేసి, ఇంటి నుంచి చేట, రెండు శేర్ల బుడ్డలు తెచ్చుకున్నాను. మిత్రుడు బండ మీద కాయలు కొట్టి ఒలుస్తుంటే, ఆ చప్పుడు మీదే పాడాను. మూడో టేక్ ఉంచుకున్నాం. రెండో చరణం దగ్గర వేగం కొంచెం తగ్గుతుంది, అది అట్లాగే వదిలేశాం.

విడుదల చేయడం కష్టమేం కాదు. డిస్ట్రిబ్యూటర్‌కు ఏడాది ఫీజు కట్టి, ఆడియో, బొమ్మ, పేర్లు పంపితే స్పాటిఫై లాంటి యాప్‌లన్నింటికీ వాళ్ళే ఎక్కిస్తారు. ప్రతి రికార్డింగ్‌కు దాన్ని గుర్తుపట్టడానికి అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ ఇస్తారు, అది రాసి దాచుకోవాలి. డబ్బు ఆశ పెట్టుకోకూడదు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకు ఏడాదిలో 1,000 ప్లేలు దాటితేనే రికార్డింగ్ రాయల్టీ మొదలవుతుంది.

డిస్ట్రిబ్యూటర్‌కు ఈ వివరాలు నింపి పంపే ఫారంలో నేను రెండు తప్పులు చేశాను, వాటి సంగతి తర్వాత.

మెయిల్ చూశాక రెండు రోజులు చాలా టెన్షన్ పడ్డాను. మూడో రోజు ఆ కంపెనీ పాట వెతికి విన్నాను. అదే బాణీ, డీజే బీట్ కింద. వాళ్ళూ ఏదో ఊళ్ళో విన్నదే. దాన్ని తమ సొంతమని కంటెంట్ ఐడీలో పెట్టుకున్నారు. ఎవరి పాట ఎవరు వాడారో యూట్యూబ్ తనంతట తానే పోల్చి పట్టుకునే సిస్టమ్ అది. ఆ సిస్టమ్ నా పాటను దానితో పోల్చి పట్టుకుంది. ఎవరికీ ప్రత్యేక హక్కు లేని సంప్రదాయ బాణీని అందులో పెట్టకూడదని అక్కడి నియమాల్లోనే ఉంది.

ఇట్లా మాదే అని క్లెయిమ్ పడ్డ ఐదు రోజుల్లోపు డిస్ప్యూట్ చేస్తే, అంటే అది తప్పని అభ్యంతరం పెడితే, మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బును ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచుతారు. నాలుగో రోజు రాత్రి కూర్చుని రాశాను. కారణం దగ్గర పబ్లిక్ డొమైన్, అంటే ఎవరి సొంతమూ కాదు, అందరిదీ అని ఎంచుకున్నాను. కోపంగా ఒక్క మాట కూడా రాయలేదు. బాణీ తరతరాలుగా బుడ్డలొలిచేటప్పుడు పాడేది, మాటలు నావి, రికార్డింగ్ నాది, ఏడేళ్ళ నాటి ఫోన్ రికార్డు తేదీతో సహా నా దగ్గర ఉంది. ఇంతే. అవతలివాళ్ళకు 30 రోజుల గడువు. వాళ్ళు కాదంటే అప్పీలు చేసుకోవచ్చు, కానీ అప్పీలు మీద వాళ్ళు వీడియో తీసెయ్యమని నోటీసు ఇస్తే ఛానల్ మీద స్ట్రైక్, అంటే తప్పు చేసినట్టు ఒక గుర్తు, పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులైతే ఛానల్ పోతుంది. ఆ రోజులన్నీ అంగట్లో బిల్లులు రాస్తూనే ఫోన్ చూసుకున్నాను.

ఆ రోజుల్లోనే నా ఫారం నేను మళ్ళీ తెరిచి చూసుకున్నాను. "సంగీతం" దగ్గర నా పేరొక్కటే ఉంది. కింద, కంటెంట్ ఐడీ కావాలా అన్న చోట టిక్ పెట్టి ఉంది. అంటే రేపు ధర్మవరంలోనో ఆలూరులోనో ఇంకొక మనవడు వాళ్ళ అవ్వ దగ్గర ఇదే బాణీ నేర్చుకుని పాడితే, నా పేరు మీద వాడికి ఇదే మెయిల్ పోతుంది. నాకు జరిగిందే నేను ఇంకొకరికి చేయబోయాను. టిక్ తీసేశాను. డిస్ట్రిబ్యూటర్‌కు రాసి క్రెడిట్ మార్పించాను. బాణీ: సంప్రదాయం. మాటలు, గానం: నేను.

మాటల మీద హక్కు మాత్రం వదులుకోను. వాటిని సాహిత్య రచన కింద కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఫారం 14తో దరఖాస్తు చేశాను. ఫీజు 500 రూపాయలు. డైరీ నంబర్ ఇస్తారు, ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి 30 రోజులు ఆగుతారు, తర్వాతే పరిశీలన. నమోదు తప్పనిసరి కాదు, రాసిన నాటి నుంచే హక్కు మనది, మన తర్వాత 60 ఏళ్ళ దాకా ఉంటుంది. కానీ తగాదా వచ్చినప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటే ఆ ధైర్యమే వేరు.

డిస్ప్యూట్ పెట్టిన ఇరవై మూడో రోజు క్లెయిమ్ వదిలేశారని మెయిల్ వచ్చింది. వాళ్ళ నుంచి ఒక్క మాట లేదు.

ఆ ఆదివారం ఊరికి పోయి అవ్వకు పాట వినిపించాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నది. చేట చప్పుడు దగ్గర ఆమె బొటనవేలు తనంతట తానే కదిలింది. పాట కింద నీ పేరు కూడా రాయిస్తానవ్వా, పాడి నేర్పింది నువ్వే కదా అన్నాను.

"నా పేరెందుకు నాయనా, నాకు మా చిన్నత్త నేర్పిచ్చింది. ఆమె పేరు రాయి."

"ఆమె పేరేమవ్వా?"

అవ్వ చాలాసేపు ఆలోచించింది. గోడకు ఆనుకుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ.

"అందరూ చిన్నత్తా అనే పిలుస్తాంటిమి" అంది.