హోటల్ కాలిఫోర్నియా జోలికి పోకండి

ఒహాయోలోని కొలంబస్‌కి వచ్చిన మొదటి ఏడాది మా టీమ్ వాళ్లు ఓ శుక్రవారం రాత్రి నన్ను కరోకేకి లాక్కెళ్లారు. మ్యూజిక్ మోగుతుంటే తెర మీద మాటలు చూసి మనమే మైకులో పాడే చోటన్నమాట. మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయిపోయింది, బిల్లు మేనేజరు కడతానన్నాడు, రానంటే బాగుండదు. అప్పటికి ఆఫీసులో నా గొంతు విన్నవాళ్లే తక్కువ. పొద్దున స్టాండప్‌లో, అంటే ఎవరి పని ఎంతవరకొచ్చిందో చెప్పుకునే చిన్న ఆన్‌లైన్ మీటింగులో, నా వంతు రాగానే రెండు ముక్కలు చెప్పేసి మ్యూట్ నొక్కేసేవాణ్ని. ఎవరైనా "మళ్లీ చెప్పు" అంటారేమోనని టెన్షన్. అలాంటివాడి చేతికి మైకు!

అక్కడ చీటీ మీద పేరూ పాటా రాసిస్తే, పాటలు నడిపించే కేజే (కరోకే జాకీ) వరసగా పిలుస్తాడు. నాకు మొదటి నుంచి చివరిదాకా వచ్చిన ఇంగ్లిష్ పాట ఒకటే. వరంగల్ హాస్టల్లో గిటారు కొన్న ప్రతివాడూ వాయించిందే: హోటల్ కాలిఫోర్నియా. రాసిచ్చేశాను.

ఆ పాట ఆరున్నర నిమిషాలు. మాట మొదలవడానికే దాదాపు నిమిషం పడుతుంది. చరణాలు ఎలాగో లాగించాను, పల్లవి పైకెళ్లేసరికి గొంతు పట్టేసింది. అదీ ఫర్వాలేదు. అసలు సంగతి మాటలన్నీ అయిపోయాక మొదలైంది. ఇంకో రెండు నిమిషాలు ఉత్త గిటార్లే. తెర మీద అక్షరం లేదు, చేతిలో మైకుంది. దిగిపోవాలా, ఉండాలా? తలంబ్రాలు అయిపోయినా ఫొటోగ్రాఫర్ కదలనివ్వని పెళ్లికొడుకులా నిలబడ్డాను.

సోమవారం కాఫీ మెషిన్ దగ్గర మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లు చూసుకునే మా పెద్దాయన ఆపాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. "నీ గొంతుకేం కాలేదు, పాట ఎంచుకోవడం రాలేదంతే" అన్నాడు. ఆయన లెక్క ప్రకారం వినడానికి ఇష్టమైన పాట వేరు, పాడటానికి వీలైన పాట వేరు. కొత్తవాడికి పాట తను మాట్లాడే గొంతుకి దగ్గరలో ఉండాలి, తొందరగా అయిపోవాలి, మధ్యలో దిక్కులు చూసే పని ఉండకూడదు.

ఆయన మొదట ఇచ్చింది క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ వాళ్ల బ్యాడ్ మూన్ రైజింగ్. 1969 నాటిది, రెండున్నర నిమిషాలు కూడా ఉండదు, మూడే గిటారు కార్డ్‌లతో (కలిపి మోగించే స్వరాల గుంపులతో) నడిచిపోతుంది. పల్లవి చివర్లో చెడ్డ చందమామ పొడుస్తోందన్న ముక్క ఒకటి ఉంది, "బ్యాడ్ మూన్ ఆన్ ద రైజ్" అని. అది చాలామంది అమెరికన్లకే "బాత్రూమ్ ఆన్ ద రైట్", అంటే కుడివైపు బాత్రూమ్ ఉంది అన్నట్టు వినపడుతుందట. పాట రాసి పాడిన జాన్ ఫోగర్టీ కూడా కచేరీల్లో సరదాకి అలా పాడేశాడు. ఈ సంగతి తెలిశాక నా యాస మీద నాకున్న దిగులు సగం దిగింది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకే వాళ్ల పాట సరిగ్గా వినపడలేదు, నాదేముంది!

ప్రాక్టీసంతా కారులోనే. కొలంబస్ చుట్టూ ఐ-270 ఉంటుంది, మన హైదరాబాద్ ఓఆర్ఆర్ లాగా. రోజూ దాని మీద పోతూ వస్తూ పాడేవాణ్ని. అప్పుడే నా తప్పు నాకు తెలిసింది. మన పాటలో మాట చివర అచ్చు ఉంటుంది కాబట్టి ఎంతసేపైనా సాగదీయొచ్చు. ఇంగ్లిష్ మాట హల్లు దగ్గర టక్కున ఆగుతుంది. నేను దానికీ ఓ ఉకారం తగిలించి సాగదీస్తున్నాను. మూన్ కాస్తా "మూనూ", రైజ్ "రైజూ". పైగా అలవాటు కొద్దీ చివర్లో చిన్న గమకం. రాక్ పాటకి అవేం అక్కర్లేదు. దాదాపు మాట్లాడినట్టే అనేసి వదిలేయాలి. చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు కీర్తనలు ఇక్కడ అడ్డమే వచ్చాయి, శ్రుతి పట్టడానికి తప్ప.

తర్వాత అమెరికా అనే బ్యాండ్ పాడిన ఎ హార్స్ విత్ నో నేమ్. నాలుగు నిమిషాలున్నా భయం లేదు. రెండే కార్డ్‌లు, గొంతు పెద్దగా ఎక్కదు, దిగదు, పల్లవి తర్వాత వచ్చేది ఉత్త లా లా లా. డిలన్ రాసిన నాకింగ్ ఆన్ హెవెన్స్ డోర్ ఇంకా తేలిక, పల్లవంతా ఒకే మాట తిప్పి తిప్పి పాడటమే. కాకపోతే శుక్రవారం రాత్రి హుషారుగా ఉన్న జనం ముందు అది పెడితే మందిరంలో కూర్చున్నట్టు అయిపోతుంది, చూసుకోవాలి.

వీటితో పాటు ఆయన ముట్టుకోవద్దన్నవీ ఉన్నాయి. లివిన్ ఆన్ ఎ ప్రేయర్ చివర్లో శ్రుతి ఉన్నట్టుండి పైకి జరుగుతుంది. అప్పటికే నానా తంటాలు పడుతున్నవాడు అక్కడ కూలబడతాడు. డోంట్ స్టాప్ బిలీవిన్‌లో జనం ఎదురుచూసే మాట చివరి నిమిషందాకా రాదు, అందాకా తారస్థాయిలో ఒంటరిగా ఈదాలి. బొహీమియన్ రాప్సొడీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

శ్రుతి తగ్గించమని కేజేని అడగొచ్చని కూడా అప్పుడే తెలిసింది. నాకు నామోషీ అనిపించింది. పెద్దాయన నవ్వి, అసలు ఆ మెషిన్ పుట్టిందే అందుకన్నాడు. 1971లో జపాన్‌లోని కోబెలో ఇనోవే దైసుకే అనే బార్ వాద్యకారుణ్ని ఓ చిన్న కంపెనీ యజమాని ఆఫీసు ట్రిప్పులో తన పాటకి వాయించడానికి రమ్మన్నాడట. వెళ్లడం కుదరక, ఆ యజమాని గొంతుకి సరిపడేట్టు టేపు మీద వాయించి ఇచ్చాడు. అక్కణ్నుంచి వచ్చిందే ఆయన చేసిన కరోకే మెషిన్. అంటే మొదటి రోజునుంచీ ఇది ఆఫీసువాళ్ల గోలే. నేను రెండు మెట్లు తగ్గించమని అడగడం మొదలుపెట్టాను.

ఇన్ని చెప్పినాయన అసలు పాటని చివరికి దాచాడు. హ్యాంగ్ ఆన్ స్లూపీ. మెకాయ్స్ పాడారు, 1965లో. 1985లో శాసనసభ దీన్ని ఒహాయో అధికారిక రాక్ పాటగా తీర్మానించింది. ఒక రాష్ట్రానికి రాక్ పాటేంటి అని నేనూ నవ్వాను. ఇక్కడి ఒహాయో స్టేట్ యూనివర్సిటీ బ్యాండు ఫుట్‌బాల్ మ్యాచుల్లో దాన్ని ఎన్నో ఏళ్లుగా వాయిస్తోంది. పల్లవి మధ్యలో వచ్చే ఖాళీల్లో జనమంతా ఒహాయో స్పెల్లింగుని ఓ, హెచ్, ఐ, ఓ అని అరుస్తూ చేతులు తలపైకెత్తి ఆ అక్షరాలు కడతారు. మూడు కార్డ్‌లు మొదటినుంచి చివరిదాకా గుండ్రంగా తిరుగుతాయి. పల్లవి రాగానే పాడేవాడి పని సగం జనమే చేసేస్తారు.

తర్వాతి రిలీజ్ పార్టీలో అదే రాసిచ్చాను. మొదటి మాట కొంచెం వణికింది. పల్లవికి వచ్చేసరికి, ఆఫీసులో నాతో ఎన్నడూ మాట కలపని నెట్‌వర్క్ టీమ్ టేబులంతా లేచి నిలబడి చేతులెత్తింది. నా గొంతు నాకే వినపడలేదు. అంత హాయిగా ఎప్పుడూ పాడలేదు. సోమవారం స్టాండప్‌లో నా వంతు రాగానే ఎవరో కెమెరా ముందు రెండు చేతులూ గుండ్రంగా పెట్టి "ఓ" అన్నారు. ఆ రోజు నా అప్‌డేట్ మామూలుకంటే నాలుగు వాక్యాలు ఎక్కువే ఉంది.

వీడియో ఇంటికి పంపాను. అమ్మ రెండుసార్లు చూసి ఫోన్ చేసింది.

"పాట మంచిగనే ఉన్నది గనీ, ఏంది బిడ్డా, గంత పెద్దోళ్లు లేచి నిలబడి ఏబీసీడీలు సదువుతున్రు?"