సార్, మీరే చెప్పండి

ఇంగ్లండ్ వచ్చి మూడేళ్ళవుతోంది, మెడికల్ వార్డులో బ్యాండ్ 5 (ఇక్కడి జీతాల గ్రేడు) నర్సుని. ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసినా ముందు జీతం అడుగుతారు, ఆ తర్వాత చలి. పని ఎలా ఉంటుందని ఎవరూ అడగరు, అందుకే రాస్తున్నా.

2022 జూలైలో ఇండియా, బ్రిటన్ హెల్త్‌కేర్ వర్కర్ల మీద ఒక ఒప్పందం చేసుకున్నాయి, నేను వచ్చింది ఆ తర్వాతే. అంతకుముందు కథ ఇంకో రకం. బ్రిటన్ వాళ్ళ రిక్రూట్‌మెంట్ కోడ్‌లో మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్‌తో పాటు మన ఆంధ్రప్రదేశ్ పేరు కూడా చాలా ఏళ్ళు ఉండేది, ఈ నాలుగు రాష్ట్రాలకి మేం సాయం చేస్తున్నాం కాబట్టి అక్కడికెళ్ళి నర్సుల్ని పట్టుకురాకూడదని. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కోవడం ఎందుకని కాబోలు. మాతో చదివినవాళ్ళకి ఈ సంగతే తెలీదు.

వచ్చాక ఆస్కీ, అంటే నర్సు పని చేసి చూపించే పరీక్ష. పది స్టేషన్లు, ఒక్కో దాంట్లో ఒక్కో పని, పేషెంట్ చేతికున్న పేరు పట్టీ చూడ్డం, పేరూ పుట్టినరోజూ పేషెంట్ నోటితోనే చెప్పించడం, ఏది మర్చిపోయినా పోయినట్టే. అది పాసై పిన్ (నర్సుగా రిజిస్ట్రేషన్ నంబరు) వచ్చేదాకా జీతం కూడా కింది బ్యాండ్‌దే. సరే అనుకున్నా. కానీ పిన్ వచ్చాక కూడా కాన్యులా, అదే నరంలోకి మందు ఎక్కించే సన్న గొట్టం, పెట్టనివ్వలేదు చూడండి, అక్కడ ఒళ్ళు మండింది. ఇంటి దగ్గర పసిపిల్లల నరాలు కూడా వెతికి పెట్టిన చెయ్యి ఇది, ఇక్కడేమో ట్రస్ట్ (ఆసుపత్రిని నడిపే సంస్థ) వాళ్ళ కోర్సు చేసి, ఎవరో పక్కన నిలబడి చూసి సంతకం పెడితేగానీ సూది ముట్టుకోకూడదట. సంతకాలయ్యాక మాత్రం నరం దొరక్కపోతే పక్క వార్డు వాళ్ళు కూడా నన్నే పిలుస్తున్నారు. నీకేం వచ్చు, మాకు నేర్పుతావా అని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

అలాగని నేను నేర్చుకున్నది తక్కువేం కాదు. ఒక నైట్ డ్యూటీలో, రెండింటికి, ఒక పెద్దాయన ఊపిరి నిమిషానికి 22, పల్స్ 104, బీపీ ఆక్సిజన్ టెంపరేచర్ అన్నీ బానే ఉన్నాయి, కానీ సాయంత్రం క్రికెట్ కబుర్లు చెప్పిన మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో చెప్పలేకపోతున్నాడు. మన దగ్గరైతే బీపీ బానే ఉంది కదా, పొద్దున రౌండ్స్‌లో చూద్దాం అనేవాళ్ళమే. ఇక్కడ న్యూస్2 చార్టు ఉంటుంది, ఏది మామూలుగా లేకపోతే దానికి అన్ని మార్కులు వెయ్యాలి, ఊపిరికి 2, పల్స్‌కి 1, కొత్తగా వచ్చిన కన్‌ఫ్యూజన్‌కి 3, మొత్తం 6. 5 వచ్చినా చాలు, డాక్టర్ని అర్జెంటుగా పిలవాలి.

ఫోన్ చేశా. ఎస్‌బార్ పద్ధతిలో చెప్పాలి, అమెరికా నేవీ సబ్‌మెరైన్ల నుంచి ఆసుపత్రుల్లోకొచ్చిందట ఇది, వరసగా నాలుగు ముక్కలు: ఇప్పుడేం జరుగుతోంది, ముందు కథేంటి, నాకేం అనిపిస్తోంది, నువ్వేం చెయ్యాలి. మొదటి మూడూ గుక్కతిప్పుకోకుండా చెప్పేశా. నాలుగో దానికొచ్చేసరికి నోరు పడిపోయింది. అవతల డాక్టరమ్మ 'సరే, నేనేం చెయ్యాలంటావ్?' అంది. ఎద్దేవా చేస్తోందనుకుని నీళ్ళు నమిలా. డాక్టర్‌కి నేను చెప్పడమేంటి! 'మీ ఇష్టం డాక్టర్' అన్నా. ఆవిడే వచ్చింది, చెస్ట్ ఇన్ఫెక్షన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. తర్వాత మా ఇన్‌చార్జ్ టీ తాగుతూ చెప్పింది, ఆవిడ ఎద్దేవా చెయ్యలేదు, నిజంగానే అడిగింది, అరగంటలో వచ్చి చూడు అని నువ్వు అనాలి అని. ఆ ఒక్క ముక్క అలవాటవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది, ఆస్కీకి కూడా అంత టైం పట్టలేదు.

డాక్టర్లకైతే మెడికల్ ట్రైనింగ్ ఇనీషియేటివ్ అని ఉంది, రెండేళ్ళకి మించకుండా ఇక్కడ పనిచేస్తూ నేర్చుకుని తిరిగి వెళ్ళిపోతారు. నేను మాత్రం పోయినేడు యాన్యువల్ లీవ్‌లో, సొంత టికెట్టు మీద వెళ్ళి, మా పాత కాలేజీలో మేడమ్ అడిగితే ఒక క్లాసు తీసుకున్నా. రెండు ప్రభుత్వాలూ సంతకాలు పెట్టిన వ్యవహారంలో వెనక్కి వచ్చే చదువుకి ఖర్చు నాది! చార్టు చూపించగానే వెనక కూర్చున్న స్టాఫ్ సిస్టర్ ఒకావిడ, 'నైట్‌లో ముప్ఫై మందికి నేనొక్కదాన్ని, ఇదెప్పుడు నింపను తల్లీ' అంది. నా దగ్గర జవాబు లేదు. మనుషుల్ని పెంచకుండా చార్టు పంచిపెడితే కాగితం దండగ, ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం.

అందుకే చార్టు పక్కన పెట్టి ఫోన్ కాల్ ప్రాక్టీస్ చేయించా. నేను డాక్టర్ని, పిల్లలు ఒక్కొక్కరే నర్సు. ముందు వరసలో అమ్మాయి ఊపిరి, పల్స్, మత్తు అన్నీ టకటకా చెప్పేసింది. నేను 'అయితే నేనేం చెయ్యాలమ్మా?' అన్నా. అటూ ఇటూ చూసి, 'సార్, మీరే చెప్పండి సార్' అంది. క్లాసంతా గొల్లుమంది, మేడమ్ కూడా. మళ్ళీ మొదట్నుంచి చెప్పించా.