లూసిల్ బాల్: నవ్వించిన నటి, నడిపించిన యజమాని

అమెరికన్ హాస్యనటి లూసిల్ బాల్ అనగానే చాలామందికి కళ్లు పెద్దవి చేసి, మూతి వంకర తిప్పి, బావురుమని ఏడ్చే ఎర్రజుట్టు ఇల్లాలే గుర్తుకు వస్తుంది. నాకు మాత్రం నలభయ్యేళ్లు దగ్గరపడేదాకా సినిమాల్లో అగ్రస్థానానికి చేరలేకపోయిన ఆ నటి, అప్పుడప్పుడే ఊపిరి పోసుకుంటున్న టెలివిజన్‌లో తన షరతుల మీద అడుగుపెట్టిన తీరే ఎక్కువ ఆసక్తికరం.

ఆమె 1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టారు. నాలుగేళ్లు నిండకముందే తండ్రి టైఫాయిడ్‌తో పోయారు. టీనేజీలో న్యూయార్క్ నగరంలోని నటనా పాఠశాలలో చేరితే, బిడియస్తురాలు, పనికిరాదని తేల్చారు. మోడల్‌గా పనిచేసి, 1933లో హాలీవుడ్ చేరి, ఆర్కేవో స్టూడియోలో ఏళ్ల తరబడి చిన్నాచితకా వేషాలు వేశారు. 1940లో క్యూబా సంగీతకారుడు డెసీ అర్నాజ్‌ను పెళ్లాడారు.

1948లో సీబీఎస్ అనే అమెరికన్ ప్రసార సంస్థ రేడియోలో మొదలైన ఆమె హాస్య ధారావాహిక జనానికి నచ్చడంతో, సంస్థ దాన్ని టీవీకి తీసుకురావాలనుకుంది. భర్త పాత్ర డెసీకే ఇవ్వాలని లూసిల్ పట్టుబట్టారు. యాసతో ఇంగ్లీషు మాట్లాడే క్యూబా మనిషిని అమెరికన్ ఇల్లాలి భర్తగా ప్రేక్షకులు ఒప్పుకోరని సంస్థ పెద్దలు నసిగారు. నిజజీవితంలో పదేళ్లుగా భార్యాభర్తలైన వాళ్ల గురించి ఈ సందేహం! దంపతులిద్దరూ 1950లో ఊరూరా తిరిగి రంగస్థల ప్రదర్శనలిచ్చి, జనం చప్పట్లనే సమాధానంగా చూపించారు.

అలా 1951 అక్టోబరు 15న మొదలైన, లూసిల్ లూసీ అనే ఇల్లాలిగా నటించిన టీవీ ధారావాహిక 'ఐ లవ్ లూసీ' విషయంలో వాళ్లు తీసుకున్న మరో నిర్ణయం ఇంకా పెద్దది. అప్పట్లో ఎక్కువ కార్యక్రమాలు న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. మిగతా ప్రాంతాలకు టీవీ తెర మీది బొమ్మనే ఫిల్ము మీదకు ఎక్కించి పంపితే, అది మసకమసకగా కనిపించేది. లాస్ ఏంజెలెస్ వదలడానికి ఇష్టపడని ఈ దంపతులు, ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద చిత్రీకరిస్తామన్నారు. జర్మనీలో పేరు మోసిన ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ ఆ మూడు కెమెరాలకూ సరిపడేలా దీపాల ఏర్పాటు చేశారు. పెరిగిన ఖర్చుకు బదులు పారితోషికం తగ్గించుకుని, ఆ ఫిల్ముల మీద యాజమాన్యం తమ సొంత సంస్థ డెసిలూకి రాయించుకున్నారు. ఒకసారి ప్రసారమయ్యాక కార్యక్రమానికి విలువ ఉండదని అందరూ అనుకున్న రోజుల్లో, పునఃప్రసారాల ఆదాయానికి దారి అక్కడే పడింది.

ఆ ఫిల్ముల పుణ్యమా అని 1952 నాటి చాక్లెట్ ఫ్యాక్టరీ దృశ్యాన్ని మనం ఈనాటికీ స్పష్టంగా చూడగలుగుతున్నాం. కదిలే పట్టీ మీద వచ్చే చాక్లెట్లకు లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ కాగితాలు చుట్టాలి. ఒక్కటి తప్పిపోయినా ఉద్యోగం ఊడుతుంది. పట్టీ వేగం పెరిగేకొద్దీ చాక్లెట్లు నోట్లోకి, టోపీలోకి, జాకెట్టులోకి వెళతాయి. పర్యవేక్షకురాలు వచ్చి, మిగిలినవేవీ కనిపించకపోవడంతో మెచ్చుకుని, వేగం ఇంకా పెంచమని కేకేస్తుంది. చూడటానికి అప్పటికప్పుడు పుట్టినట్టున్నా, లూసిల్ హాస్యమంతా పట్టుబట్టి చేసిన రిహార్సల్ ఫలితమే.

ఆమె గర్భవతి అయినప్పుడు దాన్ని కథలోకే తెచ్చారు, కాకపోతే 'గర్భం' అనే మాట వాడటానికి సంస్థ ఒప్పుకోలేదు. 1953 జనవరి 19న కథలో లూసీకి కొడుకు పుట్టిన రోజే నిజంగానూ కొడుకు పుట్టాడు. ఆ భాగాన్ని సుమారు 4.4 కోట్ల మంది చూశారు. అదే ఏడాది, తాత సంతోషం కోసం 1936లో కమ్యూనిస్టు ఓటరుగా నమోదు కావడం మీద ఆమె విచారణ ఎదుర్కొన్నారు. అమెరికాలో కమ్యూనిస్టులన్న అనుమానంతో మనుషులను వేటాడుతున్న రోజులవి; ఎంతోమంది జీవితాలను కూల్చిన ఆ గాలి ఆమెను తాకీతాకనట్టు వెళ్లిపోయింది.

1957లో డెసిలూ ఆర్కేవో స్టూడియో స్థలాలనే కొనేసింది. 1960లో విడాకులయ్యాక, 1962లో డెసీ వాటా కొని, ఆమె ఆ పెద్ద స్టూడియోకు అధిపతి అయ్యారు. 'స్టార్ ట్రెక్', 'మిషన్: ఇంపాసిబుల్' టీవీ ధారావాహికలు 1966లో ఆమె హయాంలోనే మొదలయ్యాయి. మరుసటి ఏడాది స్టూడియోను సుమారు 1.7 కోట్ల డాలర్లకు అమ్మేశారు. నటన మాత్రం మానలేదు. 1986లో మళ్లీ వచ్చిన ధారావాహిక రెండు నెలలైనా నిలవలేదు. డెబ్బై అయిదేళ్ల మనిషి చేత పడుతూ లేస్తూ నవ్వించే ఆ పాత హాస్యమే చేయించాలనుకోవడం నా దృష్టిలో రాసినవాళ్ల సోమరితనం. 1989 ఏప్రిల్ 26న ఆమె లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు.