22 నిమిషాల్లో విశాఖట!

పడుకుందామంటే ఇదే తిరుగుతోంది బుర్రలో. గన్నవరం నుంచి విశాఖకి విమానంలో 22 నిమిషాలేనని మావాడు ఫోన్లో చూసి అత్తయ్యకి చెప్పేశాడు. ఆవిడ ఒకసారి నమ్మారంటే ఇక అంతే.

రెండు విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలు తీసుకుని భూమి వంపు మీదుగా తిన్నగా కొలిస్తే దాదాపు 290 కి.మీ., అంటే 157 నాటికల్ మైళ్ళు. దాన్ని గంటకి 800 కి.మీ. వేగంతో భాగించేశారు, 22 నిమిషాలు వచ్చింది. దూరం సరైనదే. పేచీ అంతా ఆ 800తోనే. అది పెద్ద జెట్ బాగా పైకెక్కాక అందుకునే వేగం. ఇంత చిన్న దూరంలో ఎక్కడం పూర్తయ్యేలోపే దిగడం గురించి ఆలోచించాలి. ప్రతి వెయ్యి అడుగులు దిగడానికీ సుమారు 3 నాటికల్ మైళ్ళు కావాలి. 20 వేల అడుగుల నుంచైతే 60 నాటికల్ మైళ్ళు, అంటే 110 కి.మీ. దూరం ఉండగానే ముక్కు దించాలి. పైగా పది వేల అడుగుల కింద వేగానికి 250 నాట్ల హద్దు, అంటే గంటకి సుమారు 460 కి.మీ. అందుకే ఇలాంటి దారికి గంటకి 500 కి.మీ. పోయే పంకాల విమానం ఏటీఆర్ 72 చాలు. జెట్‌తో పోలిస్తే పోయేది కొద్ది నిమిషాలే, ఇంధనం మాత్రం బాగా కలిసొస్తుంది.

ఈ 500 అంకె చూస్తే చిన్న ఊళ్ళకి చవగ్గా విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ గుర్తొచ్చింది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీతో పాటు కడప–హైదరాబాద్ కూడా మొదలైంది. సుమారు 500 కి.మీ. లేదా గంట ప్రయాణానికి అప్పట్లో 2,500 రూపాయలు, అదీ సగం సీట్లకే. పంకాల విమానాన్ని దృష్టిలో పెట్టుకునే ఆ లెక్క వేసుంటారు. కడప నుంచి శంషాబాద్ కూడా తిన్నగా 300 కి.మీ. చిల్లరే, కానీ బస్సెక్కితే రాత్రంతా పోతుంది. అక్కడ విమానానికి అర్థముంది. ఇక్కడ వందేభారత్ విజయవాడ నుంచి దాదాపు 4 గంటల్లో దింపేస్తోంది కదా!

అసలు చిరాకు విశాఖలో దిగడంతో. రన్‌వే 28 వాడుతుంటే పడమటి ముఖంగా దిగాలి. మనమేమో నైరుతి నుంచి వస్తాం. ఊరు దాటి సముద్రం మీదికి పోయి, అక్కడ తిరిగి వెనక్కి రావాలి. అది నేవీవాళ్ళ స్థావరం ఐఎన్ఎస్ డేగ కాబట్టి వాళ్ళ విమానాలు ఎగిరే వేళల్లో మనవాటికి చోటు దొరకదు. ఇవన్నీ కలుపుకునే టికెట్ మీద గంటా పదో ఎంతో వేస్తారు. అదీ గాల్లో ఉండే సమయం కాదు, ఇక్కడ విమానం నిలిపే చోటు నుంచి కదిలింది మొదలు అక్కడ ఆగి చక్రాలకి అడ్డం పెట్టేదాకా. చెక్-ఇన్ సామానుంటే కౌంటర్ గంట ముందే మూసేస్తారు, గేటు 20–25 నిమిషాల ముందు. బెజవాడ నుంచి గన్నవరం 20 కి.మీ. కూడా కలిపితే రైలుకీ దీనికీ తేడా ఏం మిగిలింది?

రైలే మేలని రాసేసి ముగిద్దామనుకున్నాను గానీ, అదీ పూర్తిగా నిజం కాదు. హనుమాన్ జంక్షన్ వైపు ఉండి, అవతల విశాఖలో విమానాశ్రయానికి దగ్గరైన ఎన్ఏడీ కూడలి దగ్గరో గాజువాకలోనో పనున్నవాళ్ళకి రెండు స్టేషన్లూ ఎదురుదారే. చేతిసంచితో పోతే వాళ్ళకి గంటైనా మిగులుతుంది. అయితే ఇదంతా పాత విమానాశ్రయం లెక్క. భోగాపురం కొత్త విమానాశ్రయంలో దిగితే అక్కణ్ణుంచి ఊళ్ళోకే 45 కి.మీ. దాకా వెనక్కి రావాలి.