నెత్తుటి పాకం: హారర్ సినిమా రక్తం ఎలా కలుపుతారు

హారర్ షార్ట్ ఫిల్ముల్లో చీకటి గది బాగా కుదురుతుంది, కిర్రుమనే తలుపూ కుదురుతుంది. తీరా కత్తి దిగాక కారేది మాత్రం రోజ్ షర్బత్. అసలు నెత్తురు ఏ రంగులో ఉంటుందో చూసి కలిపేస్తారు గానీ, అది ఏ కెమెరా ముందు, ఏ లైటు కింద పడబోతోందో చాలామంది ఆలోచించరు. పాత హారర్ సినిమాలు తీసినవాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు.

మూకీల కాలంలో వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు అందదు. ఎర్రగా ఉన్నదేదైనా తెర మీద నల్లగా వచ్చేది. తర్వాత వచ్చిన పాన్‌క్రొమాటిక్ ఫిల్ము ఎరుపుని బూడిద రంగుగా చూపించింది. దాంతో తెల్లటి బాత్‌టబ్బులో నిజం నెత్తురు పోసినా వెలిసిపోయినట్టే ఉంటుంది. అందుకే 1960 నాటి ‘సైకో’ షవర్ సీన్‌లో కారింది చాక్లెట్ సిరప్. నలుపు గట్టిగా వస్తుంది, చిక్కగా ఉంటుంది కాబట్టి పడగానే నీళ్ళలో కలిసిపోకుండా తీగలుగా సాగుతుంది. 1968లో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ వాళ్ళూ చాక్లెట్ సిరప్పే వాడారు. ఇప్పుడు బ్లాక్ అండ్ వైట్‌లో తీసేవాళ్ళకి కూడా ఇంతకన్నా చవకైన దారి లేదు. ఎర్ర రంగు మీద ఒక్క రూపాయి పెట్టనక్కర్లేదు.

కలర్ వచ్చాక కథ తిరగబడింది. బ్రిటన్‌లో హ్యామర్ సంస్థ 1957, 58లలో తీసిన ఫ్రాంకెన్‌స్టయిన్, డ్రాక్యులా సినిమాల్లో నెత్తురు దాదాపు సిందూరంలా మెరుస్తుంది. తర్వాత అక్కడే ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు తయారుచేసిన సినిమా రక్తం ‘కెన్సింగ్టన్ గోర్’ పేరుతో అమ్ముడైంది. అది లండన్‌లో ఒక వీధి పేరు, ‘గోర్’ అంటే నెత్తురనీ అర్థం ఉంది. 1978 నాటి ‘డాన్ ఆఫ్ ది డెడ్’లోని రక్తమైతే కరిగిన క్రేయాన్‌లా ఉందని ఆ సినిమా మేకప్ చేసిన టామ్ సవీనీయే గొణిగాడు. దర్శకుడు రొమేరోకి మాత్రం అది కామిక్ పుస్తకంలా కనిపించి నచ్చింది. నాకూ ఆ సినిమాకి అదే సరిపోయిందనిపిస్తుంది.

నిజానికి దగ్గరగా ఉండే రక్తాన్ని నిలబెట్టింది డిక్ స్మిత్. ‘ది ఎక్సార్సిస్ట్’ మేకప్ చేసిన మనిషి. ఆయన పద్ధతిలో ఆధారం కార్న్ సిరప్. అందులో ఎరుపు, దానితో పాటు కొంచెం పసుపు రంగు, చెడిపోకుండా మిథైల్ పారాబెన్, చివరగా ఫొటో-ఫ్లో. ఇది కొడాక్ వాళ్ళ ద్రావణం, ఫిల్ము కడిగాక నీటి చుక్కలు నిలవకుండా వాడేది. పాకం బట్ట మీద పడితే ముత్యాల్లా నిలబడి జారిపోతుంది. ఫొటో-ఫ్లో ఉంటే దారాల్లోకి ఇంకుతుంది. కానీ అది విషం, నోటి దగ్గరికి రానివ్వకూడదు. ఈ రెండు సంగతులూ, అంటే పసుపు రంగు ఎందుకు (కింద చెబుతాను), బట్టకో రకం నోటికో రకం ఎందుకు అన్నవి, గుర్తుంటే మిగతాదంతా వంటింటి పనే.

కార్న్ సిరప్ బదులు మనకి బేకరీ సామాన్ల షాపుల్లో లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతుంది. 500 గ్రాములకి 100 నుంచి 150 మి.లీ. వేడినీళ్ళు పోసి తీగలు లేకుండా కలపాలి. జల్లించిన కోకో పొడి ఒక టీ స్పూను విడిగా వేడినీళ్ళలో ముద్దలా చేసుకుని అప్పుడు కలపాలి, నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. ఎర్ర జెల్ ఫుడ్ కలర్ రెండు టీ స్పూన్లతో మొదలుపెట్టి, పసుపు రంగు అర స్పూను, నీలం ఒకే ఒక్క చుక్క. రెండో చుక్క నీలం పడిందంటే వంకాయ రంగులోకి వెళ్తుంది, వెనక్కి తేవడానికి బోలెడు ఎరుపు తగలేయాలి.

గ్లూకోజ్ దొరక్కపోతే చక్కెర పాకం పట్టొచ్చు. రెండు గ్లాసుల చక్కెరకి గ్లాసు నీళ్ళు, అర స్పూను నిమ్మరసం. లేత పాకం దగ్గరే దింపేయాలి. వేళ్ళకి జిగటగా అంటాలి గానీ తీగ సాగకూడదు. తీగ పాకం వచ్చిందంటే చల్లారాక చిక్కబడి సీసాలో గడ్డ కడుతుంది. నిమ్మరసం చక్కెర మళ్ళీ పలుకు కట్టకుండా ఆపుతుంది.

కోకో ఎందుకంటారా? అసలు రక్తంలో ఎర్రకణాలు వెలుతురుని అడ్డుకుంటాయి, అందుకే దానిలోంచి అవతలి వస్తువు కనపడదు. రంగు కలిపిన పాకంలోంచి వెలుతురు దూసుకుపోతుంది, అదే షర్బత్ రూపు. ‘ఈవిల్ డెడ్’ సినిమా తీసిన కుర్రాళ్ళు ఇదే పనికి పాకంలో కాఫీ క్రీమర్ కలిపారు. పసుపు రంగు సంగతి వేరు. ఎర్ర ఫుడ్ కలర్లలో కార్మోయిసిన్ అనే రంగు పదార్థం ఎక్కువున్నవి పల్చబడగానే గులాబీకి తిరుగుతాయి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి వేలితో లాగి చూడండి. చుక్క మధ్యలో ముదురు ఎరుపు, లాగిన చోట కూడా ఎరుపే ఉండాలి. అంచు గులాబీ అయితే ఇంకాస్త పసుపు పడాలి.

కుంకుమ నీళ్ళు వద్దు. పొడి అడుక్కి దిగుతుంది, పైన గులాబీ నీళ్ళు మిగులుతాయి, కళ్ళలో పడితే మంట. బీట్‌రూట్ రసం తెర మీద బీట్‌రూట్ రసంలాగే ఉంటుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళ కిటుకు మాత్రం ఒక్క షాట్‌కి పనికొస్తుంది. చేతికి పల్చగా పసుపు రాసి ఆరనిచ్చి, మొండి కత్తి అంచుకి సున్నపు తేట తడిపి గీస్తే గీసిన చోటే ఎర్ర గీత తేలుతుంది. రంగు కాస్త ఇటుక ఎరుపు, కాబట్టి దగ్గరి షాట్‌కి ఆనదు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, అందుకని షాట్ అవగానే కడిగేయాలి. ముఖం మీద అసలు చేయొద్దు.

ఇక లైటు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. రాత్రి సీనని నీలం లైటు వేస్తే, ఎరుపు తిప్పి పంపడానికి ఆ వెలుతురులో ఎరుపు దాదాపు ఉండదు. నెత్తురు ఇంజన్ ఆయిల్‌లా నల్లగా పడుతుంది. అలాంటి సీన్‌కి కోకో తగ్గించి, పసుపు పెంచి, కంటికి మరీ నారింజగా ఉందే అనిపించేలా కలపాలి. చవక ఎల్‌ఈడీ ప్యానెళ్ళతో ఇంకో చిక్కు. పెట్టె మీద సీఆర్‌ఐ (ఆ లైటు కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన రాసున్నా, గాఢమైన ఎరుపుని కొలిచే ఆర్ 9 అంకె తక్కువగా ఉండొచ్చు. అప్పుడు నెత్తురు మట్టి రంగుకి తిరుగుతుంది. ఫోన్ కెమెరాలది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎరుపుని ఉబ్బించి, లోపల మెరుపూ నీడా లేకుండా ఒకే అట్టముక్కలా చేస్తాయి. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు దించి, నెత్తుటిని ఒక ఛాయ ముదురు చేస్తే సర్దుకుంటుంది. యూట్యూబ్‌లోకి ఎక్కించాక నల్ల గుడ్డ మీది ఎర్ర చారలు గళ్ళుగా విరుగుతుంటే, అది వీడియోని కుదించేటప్పుడు రంగు వివరాలు సగానికి పైగా పోవడం వల్ల. లేత రంగు చొక్కా తొడిగించండి, నెత్తురు ఆకారం నిలుస్తుంది.

ఎంత పోయాలి? మనిషి ఒంట్లో మొత్తం నెత్తురే దాదాపు 5 లీటర్లు. 50 మి.లీ. గచ్చు మీద పరుచుకుంటేనే భయంకరంగా ఉంటుంది. మామూలు సీన్‌కి 200 మి.లీ. చాలు, బకెట్లు బకెట్లు కుమ్మరిస్తే నవ్వులాట అవుతుంది. గాయంలోంచి ఉబికి రావాలంటే సెలైన్ సెట్టు ట్యూబు, 50 మి.లీ. సిరంజి తీసుకోండి. ట్యూబుని మైక్రోపోర్ టేపుతో చొక్కా లోపల అంటించి, మనిషి వెనకనుంచి నొక్కాలి. చిక్కటి పాకం ఆ సన్న గొట్టంలో కదలదు, దీనికి మాత్రం ఇంకో పాతిక శాతం నీళ్ళు పోయాలి. ముందు ట్యూబు చివరిదాకా నింపి గాలి బుడగలు తీసేయకపోతే నెత్తురు రాకముందు పుస్సుమని గాలి వస్తుంది. నోట్లోంచి రావాల్సిన దానికి తినే సరుకులే, అదీ ఆ రోజు కలిపిందే వాడాలి. బట్టకి పట్టాల్సిన దాంట్లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక స్పూను కలిపితే ఫొటో-ఫ్లో చేసే పని చేస్తుంది. రెండు సీసాల మీదా పేర్లు రాసి పెట్టుకోండి, చీకట్లో తారుమారవుతాయి.

ఒకే రకం చొక్కాలు మూడైనా ఉండాలి. టేకుకొకటి చొప్పున మార్చాలి మరి. టేకు టేకుకీ బట్టలు మార్చి, సెట్టు కడగడం పడక డేవిడ్ ఫించర్ 2007లో ‘జోడియాక్’కి నెత్తురంతా కంప్యూటర్లో పెట్టించాడు. మనకా బడ్జెట్ ఉండదు. ‘ఈవిల్ డెడ్’ హీరో బ్రూస్ క్యాంబెల్ చొక్కా పాకం ఎండి అట్టలా బిగిసి విరిగిందని చెబుతారు. కాబట్టి ఎండనివ్వకుండా గోరువెచ్చని నీళ్ళలో నానేయండి. చర్మానికి ముందే కొబ్బరినూనె రాస్తే మరక తేలిగ్గా వదులుతుంది.

కథలో తెల్లారితే నెత్తురు కూడా పాతబడాలి. నిన్న రాత్రి హత్య జరిగిన గదిలో పొద్దున్నే తళతళలాడే ఎరుపు కనిపించే సినిమాలు లెక్కలేనన్ని. ఆరిన రక్తం ముదురు గోధుమ రంగు. అదే పాకంలో చిక్కటి కాఫీ డికాక్షను, ఇంకో స్పూను కోకో వేసి, బ్రష్షుతో పల్చగా పూసి ఆరనిస్తే చాలు.

ఔట్‌డోర్‌లో తీస్తుంటే ఇంకో సంగతి. ఎంత రంగు కలిపినా అది పాకమే, పావుగంటలో చీమలు బారులు కడతాయి. శవం కింద పరిచిన దుప్పటి చుట్టూ ముందే చీమల మందు గీత గీయించండి. శవం వేషం వేసినవాడు కదలకుండా పడుకోవాలి కదా.