ఇంప్లాంట్ పట్టు, ఆ గ్రోత్ ప్రోటీన్ గోల

"డాక్టరు గారూ, ఆ గ్రోత్ ప్రోటీన్ ఏదో పెడితే పన్ను ఇంప్లాంట్ స్క్రూ ఇంక కదలదంట కదా" అని ఈ మధ్య వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు, యూట్యూబ్ పుణ్యమా అని. పెట్టిన రోజు ఉండే పట్టు ఎముక గట్టితనం మీద, మనం వేసే డ్రిల్లు మీద, స్క్రూ మరల మీద ఉంటుందండీ, దానికి ఏ ప్రోటీనూ చేసేదేం లేదు. తర్వాత కొత్త ఎముక పెరిగి ఆ టైటానియం స్క్రూని పట్టుకోవాలి. ఈ రెంటికీ మధ్య, మూడు నాలుగు వారాలప్పుడు, పాత ఎముక కరుగుతూ ఉంటుంది, కొత్తదింకా గట్టిపడి ఉండదు, పట్టు కాస్త సడలుతుంది, మాకు భయమంతా అప్పుడే. ఆ పట్టుని ఐఎస్‌క్యూ అని 1 నుంచి 100 దాకా ఉండే లెక్కలో కొలుస్తాం, 70 దాటితే ధైర్యం, 60 లోపుంటే పన్ను తొడగడానికి తొందరపడం.

ప్రోటీన్లు సాయం చేస్తే గిస్తే ఆ వారాల్లోనే. మేం ఎక్కువగా వాడేది పీఆర్ఎఫ్, అంటే మీ రక్తం నుంచే తీసే ప్లేట్‌లెట్ల ఫైబ్రిన్ ముద్ద, 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ అనే డాక్టర్ తెచ్చిన పద్ధతి. చేతి నుంచి 10 ఎంఎల్ రక్తం తీసి, గడ్డకట్టకుండా ఆపే మందేదీ లేని ట్యూబులో, వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి 2700 ఆర్‌పీఎంలో 12 నిమిషాలు తిప్పాలి. కబుర్లు చెప్తూ ఆలస్యం చేస్తే రక్తం ముందే గడ్డకట్టేసి అంతా పాడు. ట్యూబు తీస్తే అడుగున ఎర్రగా, పైన పసుపు నీళ్ళు, మధ్యలో జెల్లీలాంటి ముద్ద. ఆ ముద్దని ఫోర్సెప్స్‌తో లాగి, ఎర్రటి తోక కత్తిరించి, నొక్కితే పొరలా అవుతుంది, అందులో చిక్కుకున్న ప్లేట్‌లెట్లు పీడీజీఎఫ్, వీఈజీఎఫ్ లాంటి గ్రోత్ ప్రోటీన్లని వారం పైనే మెల్లమెల్లగా వదులుతాయి. "మా రక్తమే కదండీ, మళ్ళీ దీనికి బిల్లెందుకు" అన్నారు ఒక పెద్దాయన, న్యాయమే మరి!

స్టడీల సంగతికొస్తే కొన్నిట్లో మొదటి వారాల్లో ఐఎస్‌క్యూ కాస్త పెరిగింది, కొన్నిట్లో తేడానే లేదు. బీఎంపీ-2 అనే ఎముక పెంచే ప్రోటీన్‌ది వేరే కథ, 1965లో యూరిస్ట్ అనే డాక్టర్ చూపించిన ప్రోటీన్ల కుటుంబంలోది, అమెరికాలో పైదవడ మీదుండే సైనస్ అనే గాలి గది దగ్గర ఎముక పెంచడానికి 2007లో ఒప్పుకున్నారు, కానీ బాగా ఖరీదు, మొహం కూడా బాగా వాస్తుంది, మామూలు ఇంప్లాంట్‌కి అంత అవసరం లేదు.

నేనైతే పైదవడ వెనక మెత్తటి ఎముక ఉన్నచోట పీఆర్ఎఫ్ పెడతా, కింద ముందు పళ్ళ దగ్గర అడిగినా వద్దంటా. షుగర్ కంట్రోల్‌లో లేనివాళ్ళకీ, సిగరెట్ మాననివాళ్ళకీ ముందు ఆ సంగతి తేల్చుకుని రమ్మంటా, పొర గురించి తర్వాత మాట్లాడదాం.